ఎత్తు మీద ఆగిన బండిని హ్యాండ్‌బ్రేకుతో కదిలించడం ఎలా? బురదలో కూడా అది పనికొస్తుందా?

కొత్తచేయి_నల్లగొండ
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. లైసెన్సు తీసుకుని ఐదు నెలలైంది. ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి తప్ప పెద్దగా నడపలేదు. మొన్న అమావాస్యకు అమ్మను, అత్తమ్మను, ఇద్దరు పిల్లలను ఎక్కించుకుని చెరువుగట్టు గుట్ట మీది శివుడి గుడికి బయలుదేరాను. నార్కట్‌పల్లి దాకా హాయిగా వెళ్లాం. గుట్ట ఎక్కే దారిలో ఒక మలుపు దగ్గర ముందు బండ్లు ఆగాయి, నేనూ ఆగాను. వెనుక ఒక ఆటో దాదాపు ఆనుకుని నిలబడింది. ముందు బండి కదలగానే బ్రేకు మీది కాలు తీసి యాక్సిలరేటర్ మీద పెట్టబోయాను. ఆ లోపే కారు వెనక్కి జారింది. కంగారులో క్లచ్చి ఒక్కసారిగా వదిలేశాను, ఇంజను ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ జారింది. ఆటోలో ఉన్నవాళ్లు దిగిపోయి కేకలు వేశారు. చివరికి ఆటో డ్రైవరే వచ్చి చక్రం వెనుక రాయి పెట్టి, "ఇప్పుడు పోనివ్వండమ్మా" అన్నాడు. అప్పటికి మా బంపరుకు, ఆటోకు మధ్య జానెడు ఖాళీ మిగిలింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేర్పినవాళ్లు హ్యాండ్‌బ్రేకు అంటే బండి నిలిపాక లాగేది అని మాత్రమే చెప్పారు. దాన్ని పట్టుకుని ఎత్తు మీద బండిని కదిలించవచ్చని ఇప్పుడు అంటున్నారు. ఎలాగో దయచేసి విడమరిచి చెప్పండి.

ఇంకొక ప్రశ్న. బురదలో చక్రం ఊరికే తిరుగుతుంటే హ్యాండ్‌బ్రేకు కాస్త లాగితే పట్టు దొరుకుతుందని మా తమ్ముడు అంటాడు. అది నిజమేనా?

పాత_స్టీరింగ్
శనివారం, రాత్రి 10:25

అమ్మా, మీరు భయపడటంలో తప్పు లేదు. ఈ విద్య నేర్పకుండా మిమ్మల్ని రోడ్డు మీదికి పంపడం తప్పు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 15వ నియమం చూడండి. లైసెన్సు పరీక్షలో చేసి చూపించాల్సిన వాటిలో, నిటారు ఎత్తు మీద బండిని ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం ఒకటి. హ్యాండ్‌బ్రేకును సరిగా వాడి గానీ, యాక్సిలరేటర్, కాలి బ్రేకులతో గానీ ఆ పని చేయాలని అందులోనే రాసి ఉంది. అంటే ఇది పరీక్షలో భాగమే, తెలిసినవాళ్లు వాడే కిటుకు కాదు.

నేను బస్సు నడిపి రిటైరయ్యాను. ఇంట్లో ముగ్గురికి కారు నేర్పాను. నేర్పిన పద్ధతి చెబుతాను.

ఎత్తు మీద ఆగగానే హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగండి. అప్పుడు కుడికాలికి బ్రేకు బాధ్యత తీరిపోయింది. క్లచ్చి పూర్తిగా తొక్కి ఒకటో గేరు వేయండి. యాక్సిలరేటర్ కొద్దిగా, ఇంజను నిలకడగా మోగేంత తొక్కి అక్కడే ఉంచండి. ఇప్పుడు క్లచ్చిని నెమ్మదిగా పైకి రానివ్వండి. ఒక చోట ఇంజను శబ్దం బరువెక్కుతుంది, బండి వెనుక భాగం కాస్త కుంగి ముక్కు కొద్దిగా లేస్తుంది. క్లచ్చి పట్టే చోటు అదే. కాళ్లు రెండూ అక్కడే కదలకుండా ఉంచి, హ్యాండ్‌బ్రేకు బొత్తాం నొక్కి కిందికి దించండి. బండి ముందుకు పోవడమో, ఉన్నచోటనే నిలబడటమో జరుగుతుంది. వెనక్కి మాత్రం పోదు. ఇంకొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, క్లచ్చిని మిగిలినంతా వదలండి.

ముక్కు లేవకముందే హ్యాండ్‌బ్రేకు దించితే జారుతుంది. లేచాక కూడా దించకుండా కూర్చుంటే క్లచ్చి మాడుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్నది ఒకటి, రెండు సెకన్లే. చెవితో, నడుముతో తెలుసుకోవాలి, కళ్లతో తెలియదు.

రాయి సంగతి కూడా చెప్పాలి. ఆ ఆటో డ్రైవరు మంచివాడు, సమయానికి ఆదుకున్నాడు. కానీ బండి కదిలాక ఆ రాయిని ఎవరైనా తీసి పక్కన వేశారా? ఘాట్ రోడ్ల మీద అలా వదిలేసిన రాళ్లకు రాత్రిపూట మోటారు సైకిళ్లు తగిలి మనుషులు పడటం నేను ఎన్నోసార్లు చూశాను. రాయి పెట్టినవాళ్లే తీయాలి. పెట్టినవాళ్లు వెళ్లిపోతే చూసినవాళ్లు తీయాలి.

కొత్తచేయి_నల్లగొండ
శనివారం, రాత్రి 10:50

పెద్దాయనా, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రాయి తీయలేదండీ. ఆ ఆలోచనే రాలేదు.

ఒక సందేహం. హ్యాండ్‌బ్రేకు పట్టి ఉండగానే ఇంజను లాగితే ఏదైనా పాడవదా?

షెడ్డు_మిర్యాలగూడ
ఆదివారం, ఉదయం 7:15

పాడవదు అక్కా. ఆ ఒకటి, రెండు సెకన్లలో చక్రం తిరగదు, కాబట్టి బ్రేకు లైనింగు అరగదు. క్లచ్చి కాస్త జారుతుంది, కానీ అది ఏ బండి కదిలినా జరిగేదే. నిజంగా క్లచ్చిని తినేది వేరే అలవాటు. ఎత్తు మీద బ్రేకే వేయకుండా, సగం క్లచ్చి, సగం యాక్సిలరేటర్ మీద బండిని నిలబెట్టి ఉంచుతారు. చాలామంది దాన్ని గొప్ప నైపుణ్యం అనుకుంటారు. నా షెడ్డుకు మాడిన క్లచ్చి ప్లేట్లతో వచ్చే బండ్లలో ఎక్కువ వాళ్లవే.

ఎత్తు ఎంత బలంగా వెనక్కి లాగుతుందో చిన్న లెక్క. పది మీటర్ల దూరానికి ఒక మీటరు లేచే దారి అనుకోండి. మనుషులతో కలిపి 1,300 కిలోలున్న కారును ఆ వాలు దాదాపు 130 కిలోల బలంతో కిందికి లాగుతుంది. ఇద్దరు మనుషులు బండి వెనుక తాడు కట్టి వేలాడినట్టు. అంత బలాన్ని ఆపగలిగే స్థితిలో మీ హ్యాండ్‌బ్రేకు ఉందా అన్నది ముందు చూసుకోవాలి. లాగుతుంటే టిక్కు టిక్కుమని వినిపిస్తుంది కదా, మామూలుగా నాలుగు నుంచి ఏడు టిక్కుల్లో గట్టిగా పట్టాలి. పదీ పన్నెండు టిక్కులు లాగితే తప్ప పట్టడం లేదంటే కేబుల్ సాగింది, లేదా వెనుక లైనింగు అరిగింది. పాత బండి కొన్నవాళ్లు ఈ పని ముందు చేయించుకోండి. కేబుల్ బిగించడానికి అరగంట కూడా పట్టదు.

వర్షాకాలంలో మరో సంగతి. వాగు దాటి వచ్చాక వెనుక చక్రాల బ్రేకు డ్రమ్ముల్లో నీళ్లుంటాయి, హ్యాండ్‌బ్రేకు సరిగా పట్టదు. కాలి బ్రేకు నాలుగైదుసార్లు మెల్లగా తొక్కి ఆరనివ్వాలి. తడి డ్రమ్ముతో రెండు మూడు రోజులు హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేస్తే లైనింగు తుప్పుతో అతుక్కుంటుంది. ఇంటి ముందు చదునైన చోట నిలిపేటప్పుడు గేరులో పెట్టి, చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేకు దించి ఉంచండి.

గేరు_లేని_బండి
ఆదివారం, ఉదయం 9:02

సూర్యాపేట నుంచి. మాది క్లచ్చి పెడల్ లేని కారు. అయినా ఎత్తు మీద జారుతుంది. మన దగ్గర చవకగా దొరికే ఆటోమేటిక్ కార్లలో ఎక్కువ వాటిలో ఉండేది మామూలు గేరుబాక్సే, క్లచ్చిని మాత్రం యంత్రం తొక్కుతుంది. బ్రేకు వదలగానే అది పట్టుకోవడానికి ఒక క్షణం తీసుకుంటుంది. మేమూ హ్యాండ్‌బ్రేకు లాగి, యాక్సిలరేటర్ తొక్కి, బండి లాగుతున్నట్టు తెలిశాక దించుతాం. కొన్నింటిలో ఎత్తు మీద రెండు, మూడు సెకన్లు తనంతట తానే బ్రేకు పట్టి ఉంచే ఏర్పాటు ఉంటుంది. ఆ సెకన్లు దాటితే జారుతుందని గుర్తుంచుకోవాలి. బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, లోపల కాలేది అదే క్లచ్చి.

అడవిదారి_అచ్చంపేట
ఆదివారం, ఉదయం 11:30

ఎత్తు సంగతి పెద్దలు చెప్పారు. నేను రెండో ప్రశ్నకు వస్తాను. చెల్లెమ్మా, మీ తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

మా నాన్నగారికి పాత జీపు ఉంది, వెనుక చక్రాలు లాగే బండి. అమ్రాబాద్ వైపు మా పొలం దారి వానాకాలంలో నల్లరేగడి ముద్దలా అవుతుంది. ఒక చక్రం బురదలో పడి గిరగిరా తిరుగుతుంటే, గట్టి నేల మీదున్న రెండో చక్రం కదలకుండా నిలబడుతుంది. అప్పుడు నాన్న హ్యాండ్‌బ్రేకు మూడు టిక్కులు లాగి యాక్సిలరేటర్ ఇచ్చేవారు. తిరిగే చక్రం నెమ్మదించి, రెండోది లాగేది, జీపు బయటపడేది. కాలేజీ రోజుల నుంచి కళ్లారా చూస్తున్నాను, నేనూ చేస్తున్నాను.

దుక్కి_దేవరకద్ర
ఆదివారం, మధ్యాహ్నం 1:10

అన్నా, ట్రాక్టరులో మేము రోజూ చేసే పని అదే, కానీ ఒక తేడా ఉంది. ట్రాక్టరుకు వెనుక చక్రాలకు విడివిడిగా రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి. కరిగట్టులో ఎడమ చక్రం ఊరికే తిరిగితే ఎడమ పెడల్ మాత్రమే తొక్కుతాం, కుడి చక్రానికి బలం వెళ్తుంది. ఇంజను బలాన్ని రెండు చక్రాలకు పంచే గేర్లను డిఫరెన్షియల్ అంటారు, దానికి లాక్ ఉంటే దాన్నీ తొక్కుతాం, అప్పుడు రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి, కానీ మలుపు తిప్పే ముందు దాన్ని విడిపించాలి. రోడ్డెక్కేటప్పుడు రెండు బ్రేకు పెడళ్లనూ కొక్కెంతో కలిపేయాలి. కలపకుండా వేగంగా పోతూ ఒకటే తొక్కితే ట్రాక్టరు పక్కకు తిరిగి బోల్తా పడుతుంది.

హ్యాండ్‌బ్రేకు రెండు చక్రాలనూ ఒకేసారి పడుతుంది కదా. అది ఎలా పని చేస్తుందో నాకు అర్థం కాలేదు.

లెక్కల_మాస్టారు
ఆదివారం, సాయంత్రం 5:45

దేవరకద్ర సోదరుడు సరిగ్గా అసలు చోట వేలు పెట్టారు. నేను పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చెప్పాను. ప్రతి ఏడాదీ పిల్లలు అడిగే ప్రశ్న ఇది.

మామూలు డిఫరెన్షియల్ స్వభావం ఒకటే. రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన తిప్పే బలం పంచుతుంది. వేగంలో తేడా రానిస్తుంది, బలంలో రానివ్వదు. ఎడమ చక్రం బురదలో ఉంది, ఆ బురద 20 పాళ్ల బలానికి మించి తట్టుకోదు అనుకుందాం. కుడి చక్రం గట్టి నేల మీద ఉంది, 100 పాళ్లైనా తట్టుకుంటుంది. కానీ ఎడమకు 20 మించి ఎక్కదు కాబట్టి కుడికీ 20 మాత్రమే అందుతుంది. మొత్తం 40. బండి కదలదు.

ఇప్పుడు హ్యాండ్‌బ్రేకు లాగుదాం. రెండు చక్రాల మీదా చెరి 30 పాళ్ల అడ్డు వచ్చింది. ఎడమ చక్రాన్ని తిప్పాలంటే బ్రేకుకు 30, బురదకు 20, మొత్తం 50 కావాలి. కుడికీ 50 వెళ్తుంది. బలం పెరిగిందని సంతోషించే లోపే, కుడివైపు 50లో 30ని అక్కడి బ్రేకు మింగేస్తుంది. నేలకు చేరేది మళ్లీ 20. మొదట ఎంత ఉందో అంతే.

ట్రాక్టరులో ఎడమ పెడల్ ఒక్కటే తొక్కితే? ఎడమకు 50, కుడికి 50. కుడివైపు బ్రేకు లేదు కాబట్టి ఆ 50 మొత్తం నేలకు చేరుతుంది. ఎడమవైపు బురద మీది 20 కలిపితే 70. ట్రాక్టరు బయటపడుతుంది. కొత్త కార్లలో చక్రం జారినప్పుడు కంప్యూటర్ చేసేదీ ఇదే. జారుతున్న చక్రాన్ని మాత్రమే గుర్తించి దాని బ్రేకును మాత్రమే పడుతుంది.

ముందు చక్రాలు లాగే చిన్న కార్ల సంగతైతే ఇంత లెక్క కూడా అక్కర్లేదు. జారేవి ముందు చక్రాలు, హ్యాండ్‌బ్రేకు సాధారణంగా పట్టేది వెనుక చక్రాలను. బురదలో దాన్ని లాగడమంటే దిగబడ్డ బండిని ఇంకొకరు వెనక్కి పట్టుకున్నట్టే.

అడవిదారి_అచ్చంపేట
ఆదివారం, రాత్రి 8:20

మాస్టారూ, మీ మీద గౌరవం ఉంది. లెక్కలో తప్పు పట్టలేను. కానీ ఇరవై ఏళ్లుగా నేను చూసింది అబద్ధమని ఎలా అనుకోమంటారు? జీపు బయటపడింది. ఒకసారి కాదు, ఎన్నోసార్లు.

షెడ్డు_మిర్యాలగూడ
ఆదివారం, రాత్రి 9:05

అచ్చంపేట అన్నా, మీరు చూసింది నిజమే అయి ఉంటుంది, మాస్టారి లెక్కా నిజమే అయి ఉంటుంది. ఒకటి గుర్తు చేసుకోండి. ఏ చక్రం బురదలో పడినప్పుడు బయటపడింది? ఎడమదా, కుడిదా? రెండూనా?

అడవిదారి_అచ్చంపేట
సోమవారం, ఉదయం 6:50

రాత్రంతా ఆలోచించాను. మా పొలం దారిలో కాలువ ఎడమవైపు ఉంటుంది. దిగబడేది ఎప్పుడూ ఎడమ చక్రమే. కుడి చక్రం పడిన సందర్భం ఒకటే గుర్తుంది, వంగూరు వైపు పెళ్లికి వెళ్తున్నప్పుడు. ఆ రోజు హ్యాండ్‌బ్రేకు ఎంత లాగినా లాభం లేకపోయింది. ఊరివాళ్లు ఎడ్లను కట్టి లాగారు. ఎందుకు అడిగారు?

షెడ్డు_మిర్యాలగూడ
సోమవారం, ఉదయం 7:30

జీపు ఇంకా ఉంటే ఒక పని చేయండి. చదునైన చోట ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనుక ఇరుసు జాకీ మీద లేపి, కింద గట్టి దిమ్మెలు పెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి పక్కన కూర్చోకండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు మూడు టిక్కులు లాగి, రెండు చక్రాలనూ విడివిడిగా చేత్తో తిప్పి చూడండి.

అడవిదారి_అచ్చంపేట
సోమవారం, సాయంత్రం 6:15

చూశాను. మా అబ్బాయి సాయం పట్టాడు.

ఎడమ చక్రం మూడు టిక్కులకే బిగిసిపోయింది. కుడి చక్రం చేత్తో తోస్తే తిరుగుతోంది. ఆరో టిక్కుకు గానీ దానికి బ్రేకు అందడం లేదు.

అంటే ఇన్నేళ్లూ మా జీపు హ్యాండ్‌బ్రేకు ట్రాక్టరు ఎడమ పెడల్‌లా పని చేసింది. నాన్నగారికి ఫోను చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ కుడివైపు కేబుల్ నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు తెగితే నేనే కట్టాను రా" అన్నారు.

చెల్లెమ్మా, నూటికి నూరుపాళ్లు అని రాసినందుకు మన్నించండి.

లెక్కల_మాస్టారు
సోమవారం, రాత్రి 8:40

మన్నింపు ఎందుకండీ. బండి జాకీ ఎక్కించి తేల్చుకునేవాళ్లు ఎందరున్నారు? వచ్చే ఏడాది పాఠంలో మీ జీపు గురించి చెబుతాను, మీకు అభ్యంతరం లేకపోతే.

రెండు మాటలు చేర్చాలి, లేకపోతే నా లెక్క అసంపూర్తిగా ఉంటుంది. డిఫరెన్షియల్ లోపల పళ్ల మధ్య కొంత రాపిడి ఉంటుంది, బలం పెరిగితే అదీ పెరుగుతుంది, అందువల్ల కదలని చక్రానికి కాస్త ఎక్కువ అందుతుంది. మామూలు డిఫరెన్షియల్‌లో ఆ లాభం చాలా తక్కువ. కానీ కదలని చక్రానికి రెండు, మూడు రెట్ల బలం పంపగలిగేలా ప్రత్యేకంగా చేసినవి ఉన్నాయి. అమెరికా సైన్యం హమ్వీలో ఉండేది అలాంటిదే. అందులో రెండు వైపులా బ్రేకు పట్టినా లాభమే. జారే చక్రానికి 50 పోతే కదలనిదానికి 150 వెళ్తుంది, 30 బ్రేకు మింగినా 120 మిగులుతుంది. అందుకే ఆ బండి డ్రైవర్లకు బ్రేకు తొక్కుతూ యాక్సిలరేటర్ ఇవ్వడం నేర్పుతారు. ఈ విద్య అక్కడి నుంచే నలుగురి నోటా అన్ని బండ్లకూ పాకిందేమో అని నా అనుమానం.

దుక్కి_దేవరకద్ర
సోమవారం, రాత్రి 9:30

మరి కారు దిగబడితే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. మా చెల్క భూముల దగ్గర మేము చేసేది చెబుతాను. చక్రం తిప్పుతూ పోతే గొయ్యి లోతవుతుంది తప్ప లాభం లేదు. వెంటనే ఆపాలి. చక్రం ముందు బురద పారతో తీసి, పత్తి కట్టెనో కంది కట్టెనో అడ్డంగా పరచాలి. చేను పక్కనే ఉంటుంది, దొరకకపోవడమంటూ లేదు. గోనె సంచీ అయినా సరే. టైర్లలో గాలి కొంత తీస్తే నేలను తాకే వెడల్పు పెరుగుతుంది, బయటపడ్డాక మళ్లీ నింపించాలి. రెండో గేరులో, యాక్సిలరేటర్ కొద్దిగానే ఇచ్చి లాగాలి. వెనుక చక్రాలు లాగే బండైతే మనుషులు వెనుక ఇరుసు మీద బరువు పడేలా ఎక్కాలి. తోసేవాళ్లు మాత్రం చక్రం వెనుక నిలబడకూడదు. కట్టెలు ఎగిరి మొహానికి తగులుతాయి.

కొత్తచేయి_నల్లగొండ
ఆదివారం, సాయంత్రం 7:00

వారం రోజుల తర్వాత రాస్తున్నాను. ముందు హ్యాండ్‌బ్రేకు చూపించాను, పదకొండు టిక్కులు వస్తోంది. బిగించాక ఐదుకు పడుతోంది. పానగల్ దగ్గర కట్ట మీదికి ఎక్కే వాలు దారిలో మూడు ఉదయాలు ఒక్కదాన్నే సాధన చేశాను. మొదటి రోజు ఎనిమిదిసార్లు ఇంజను ఆగింది. రెండో రోజు ముక్కు లేవడం తెలిసింది. పెద్దాయన చెప్పినట్టు అది నడుముకే తెలుస్తుంది.

ఈ ఉదయం మళ్లీ చెరువుగట్టుకు వెళ్లాను. అమ్మ ముందు సీట్లో కళ్లు మూసుకుని కూర్చుంది. అదే మలుపు దగ్గర ఎదురుగా బస్సు వస్తే ఆగాల్సి వచ్చింది. హ్యాండ్‌బ్రేకు, గేరు, ముక్కు లేచింది, దించాను. బండి జానెడు కూడా వెనక్కి పోలేదు. అమ్మ కళ్లు తెరిచి, "ఆగామా?" అని అడిగింది.

దిగి వచ్చేటప్పుడు ఆ మలుపు దాటాక చదునుగా ఉన్న చోట బండి ఆపి, వెనక్కి నడిచి వెళ్లాను. ఆ రాయి ఇంకా రోడ్డు అంచునే ఉంది. పక్కకు దొర్లించాను.

వచ్చే నెల శ్రీశైలం వెళ్దామని ఇంట్లో అంటున్నారు. వెళ్లగలనా?

పాత_స్టీరింగ్
ఆదివారం, రాత్రి 8:10

వెళ్లగలరు. మన్ననూరు దగ్గర అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది, దానికి తగ్గట్టు బయలుదేరండి. అడవిలో దారి పెద్దగా ఇబ్బంది పెట్టదు. దోమలపెంట దాటి కృష్ణా నది దగ్గరికి దిగేటప్పుడే జాగ్రత్త. ఎక్కడానికి ఏ గేరు వాడతారో దిగడానికీ అదే గేరు, రెండోదో మూడోదో. కాలి బ్రేకు మీదే దిగితే వేడెక్కి పట్టు తప్పుతుంది. ఇరుకు చోట ఎదురుగా ఎక్కి వచ్చే బండి ఉంటే దిగే మీరే ఆగి దారివ్వాలి, నియమం అదే. ఎత్తు మీద బస్సు వెనుక, లారీ వెనుక ఆగితే కనీసం ఒక బండి పట్టేంత ఖాళీ వదలండి. వాటి పార్కింగ్ బ్రేకును స్ప్రింగు పట్టి ఉంచుతుంది, గాలి విడిపిస్తుంది. అది విడిపోవడానికి, బండి కదలడానికి మధ్య అంత పెద్ద బండి కూడా కాస్త జారవచ్చు.

పైన నిలిపేటప్పుడు బండి ముక్కు ఎత్తు వైపు ఉంటే ఒకటో గేరు, పల్లం వైపు ఉంటే రివర్స్ గేరు, ఆపైన హ్యాండ్‌బ్రేకు. అమ్మను ఈసారి కళ్లు తెరుచుకుని కూర్చోమనండి. డ్యామ్ గేట్లు ఎత్తి ఉంటే ఆ మలుపుల్లోంచి బాగా కనిపిస్తుంది.